ఏ కమిలి, అక్కా?

అక్క పోయిన రోజు పొద్దున నేను మానుకోట ఆఫీసులో కంప్యూటరుతో కుస్తీ పడుతున్నాను. సర్వరుకు కనెక్షన్ కుదరడం లేదు. తెర మీద అదే ఎర్ర అక్షరాల మాట మళ్ళీ మళ్ళీ వస్తోంది. ఇక ఆమెనే అడుగుదామని ఫోను చేతిలోకి తీసుకున్నాను. నేను నొక్కకముందే అది ఆమె పేరుతో మోగింది. నా అవస్థ ఆమెకెలా తెలిసిందా అని నవ్వుతూ ఎత్తాను. మాట్లాడింది ఆమె పెనిమిటి. "పొద్దుగాల చాయ్ అడిగింది బిడ్డా. తెచ్చేసరికి లేదు" అన్నాడు.

చదువుతున్న మీలో చాలామందికి ఆమె తెలియదు. ఆమె గురించి ఏ పేపరులోనూ రాలేదు, రావాలని ఆమె కోరుకోలేదు కూడా. అడవి పక్క పల్లెల్లో ఫిట్స్‌తో బాధపడేవాళ్ళకు నెలనెలా మందులిచ్చే చిన్న సంస్థ మాది. జనగామలో, మేం మానుకోట అనే మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో మూడు ఆఫీసులు. అప్పట్లో ఈ మూడూ ఒకే జిల్లా. ఆ మూడింటి కంప్యూటర్లనూ చూసేది ఆమె ఒక్కతే. నాకు చుట్టం కాదు. కానీ అందరికీ అక్కే. ఆమె కంటే పెద్దవాడైన మా డ్రైవర్ కాక కూడా అక్కా అనే పిలిచేవాడు, లేకపోతే తిట్టు పడుతుందని భయం.

తిట్టేది, నిజమే. మౌసు అంటుకుపోతే కొంగుతో తుడుస్తూ దాన్ని తిట్టేది. కరెంటు పోతే కరెంటును తిట్టేది. మనం తెర మీది మాట చదవకుండా "ఏదో ఎర్రర్ వచ్చిందక్కా" అన్నామా, ఇక ఆ పూట మన పని అయిపోయినట్టే. "ఏదో అంటే ఏంది? గది ఏం జెప్తున్నదో చదువు. మనిషి మొత్తుకుంటుంటే ఇనకుండ పోతవా?" అనేది. రెండు వేళ్ళతో టైపు చేసేది, అదీ నిలబడే. కుర్చీలో కూర్చుని పని చేయడం నేనెప్పుడూ చూడలేదు. గుర్తుంచుకోవాల్సినవి అరచేతి మీద పెన్నుతో రాసుకునేది, అన్నం తినేముందు ఆ చెయ్యి చూసుకుని తెగ బాధపడేది.

జనగామ బజారులో వాళ్ళ నాయినది కిరాణా టోకు దుకాణం. సరుకు లారీ వచ్చిన రోజు గుమ్మంలో నిలబడి దిగిన బస్తాలు లెక్కపెట్టడం చిన్నప్పుడు ఆమె పని. డ్రైవరు ఒక లెక్క చెప్తే హమాలీ ఇంకోటి చెప్పేవాడట, నాయిన మాత్రం కూతురి మొహం చూసేవాడట. తర్వాత పెద్ద చదువే చదివింది, హైదరాబాదులో ఉద్యోగం చేసి వచ్చింది. అయినా ఆ లారీ ఆమెను వదలలేదు. ఫైలులోని వివరాలను సర్వరులోకి ఎక్కించడాన్ని మేమంతా ఇంపోర్టు అంటే, ఆమె దిగుమతి అనేది. పుస్తకాల తెలుగు అనుకునేరు, అచ్చంగా లారీ దిగుమతే. "ఎక్కించినోని మాట ఇనకు, దించినోని మాట ఇనకు. దిగిన బస్తాలు చూడు" అనేది.

ఆ మాట విలువ నాకు తెలిసింది రాష్ట్రం కోసం సకల జనులూ పని ఆపేసిన రోజుల్లో. బస్సులు డిపోల్లోనే ఉన్నాయి. రైలు పట్టాల మీద జనం కూర్చున్నారు. బొగ్గు గనులు ఆగిపోయి కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. సరిగ్గా అప్పుడే మా పాత కంప్యూటరు కూలబడింది. అందులోని రోగుల వివరాలు, ఎవరికి ఏ మందు, ఎంత మోతాదు అన్నవి, ఒక పెద్ద ఫైలుగా మాత్రం దక్కాయి. దాన్ని కొత్త సర్వరులోకి దించితే తప్ప పొట్లాల మీద అంటించే చీటీలు ముద్రించలేం. చీటీ లేనిదే పొట్లం లేదు. ఫిట్స్ మాత్ర ఉన్నట్టుండి ఆగితే ఏమవుతుందో ఆ జబ్బున్న ఇంట్లో ఎవరినైనా అడగండి.

అక్క జనగామ నుంచి వాళ్ళ పెనిమిటి స్కూటరు వెనక కూర్చుని, దారి పొడుగునా దిగి, నడిచి, ఎక్కి, మానుకోట చేరింది. రాగానే నీళ్ళు కూడా తాగలేదు. డ్రైవర్ కాక గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "అక్కా, సాయంత్రం గూడూరు కాడ రోడ్డు మీద కూసుంటరట. గప్పటికల్ల బండి గూడూరు దాటితెనే కొత్తగూడకు పోతం. లేకుంటె ఇంక ఎన్నొద్దులకో."

"నాకు జెప్పుడెందుకు? బండి కడుక్కో పో" అని లోపలికి వచ్చింది.

కనెక్షన్ లేదు. సర్వరు పక్క గదిలోనే ఉంది, దాని లైటు వెలుగుతూనే ఉంది, నా కంప్యూటరులోని ప్రోగ్రాము మాత్రం దొరకడం లేదనే అంటోంది. నేను పాస్‌వర్డు మార్చి మార్చి కొడుతున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"తాళంచెవి పనిజేస్తలేదని ఏడుస్తున్నవ్. నువ్వు ఎవరింటి ముంగట నిలబడ్డవో చూసినవా? ముందుగాల ఇల్లు, తర్వాత తలుపు, గప్పుడు తాళంచెవి."

ఇల్లంటే సర్వరు అడ్రసు, తలుపంటే పోర్టు, తాళంచెవంటే పాస్‌వర్డు. పక్క గదిలోకి పోయి చూసి వచ్చింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా నెట్టు పెట్టె సర్వరుకు కొత్త అడ్రసు ఇస్తోంది, నేను పాత ఇంటి తలుపు కొడుతున్నాను. అడ్రసు మార్చి, ఇక మారకుండా కట్టేసింది. తెర మీద ఆకుపచ్చ గుర్తు వెలిగింది. నేను చప్పట్లు కొట్టాను. ఆమె నా వైపు చూసిన చూపుకు చేతులు కిందికి దించేశాను.

దిగుమతి మొదలైంది. మధ్యలో కరెంటు పోయింది. బ్యాటరీ పెట్టె కూతలు మొదలుపెట్టింది. ఆ కూతల మధ్య ఎడం తగ్గుతూ వచ్చింది. చివరికి తెర మీద మాట వచ్చింది, అంతా విజయవంతంగా పూర్తయిందని. నేను చీటీలు ముద్రించడానికి లేచాను.

"ఆగు" అన్నది. "గది దించినోని మాట. బస్తాలు చూడు."

ఫైలులో ఎన్ని పేర్లున్నాయో, సర్వరులో ఎన్ని దిగాయో చూస్తే ఒకటి తక్కువైంది. ఒక్కటే. ఊరూరికీ విడదీసి చూసి, కొత్తగూడ వైపు ఒక తండా దగ్గర పట్టుకుంది. ఫైలులో కమిలి అనే పేరు రెండుసార్లు ఉంది. ఇంటిపేరు ఒకటే. భర్త పేరు ఒకటే. తండా ఒకటే. అంచనాగా రాసిన వయసు కూడా ఒకటే. మోతాదు మాత్రం వేరు, ఒకదానికి ఇంకొకటి రెట్టింపు. పేరూ, భర్త పేరూ, ఊరూ కలిస్తే మనిషి ఒక్కరేనని సర్వరు నియమం. అందుకని అది రెండో కమిలిని మొదటి కమిలి మీద రాసేసి, పని బాగా చేశానని చెప్పింది.

సాఫ్టువేరు ఇచ్చినవాళ్ళకు ఫోను చేసింది. అవతల కోస్తా వైపు కుర్రాడు. "గీ నియమం ఎట్ల తీసేయాలె?" అని ఆమె అడిగితే ఆ యాసకు నవ్వాడు.

"నవ్వుడు అయినంక చెప్పు, నేను ఆగుత" అన్నది.

అతను సర్దుకున్నాడు. "డూప్లికేట్ ఎంట్రీ అయ్యుంటుంది మేడం. ఒకటి ఉంది కదా, వదిలేయండి."

"డూప్లికేట్ కాయితానికి ఉంటది తమ్మీ. మనిషికి ఉండది" అన్నది అక్క. పాపం, ఆ తర్వాత అతను మంచిగానే చెప్పాడు. నియమం ఎక్కడ మార్చాలో విడమరిచి చెప్పి, పని అయ్యేవరకు తన సెల్ నంబరుకే చేయమన్నాడు.

కానీ నియమం మార్చడం కాదు కష్టం. అసలు కమిలి ఒకతా, ఇద్దరా? ఒకే మనిషికి మొన్నటి క్యాంపులో మోతాదు పెంచి, పాతది తీసేయకుండా రెండోసారి రాసి ఉండవచ్చు కూడా. రాసిన డాక్టరు గారు ఆగిన రైల్లో ఎక్కడో చిక్కుకున్నారు, ఫోను అందడం లేదు. నేనన్నాను, రెండు పొట్లాలూ పంపిద్దామని.

"ఒకతే అయితే రెండూ మింగుతది. ఇద్దరైతే ఒక్క పొట్లం పంపి ఒకదాన్ని సంపుతం. పంపుడు గాదు పిల్లా, తెల్సుకునుడు" అన్నది. అప్పుడు ఆమె గొంతులో కోపం లేదు. ఆ రోజు నాకు మొదటిసారి భయం వేసింది.

ఆ తండాలు చూసుకునే మా ఆరోగ్య కార్యకర్త ఉండేది కొత్తగూడలో. గుట్ట ఎక్కితే తప్ప అతని ఫోనుకు సిగ్నలు రాదు. నేను నొక్కుతూనే ఉన్నాను, ఆ ఆడగొంతు అందుబాటులో లేరని చెబుతూనే ఉంది. బయట కాక బండి స్టార్టు చేసి ఉంచాడు. మిగతావాళ్ళ చీటీలు ముద్రించి పొట్లాలన్నీ సర్ది పెట్టేశాం. "ఒక్క మనిషి కోసం మిగిలినోళ్ళందరు ఆగాల్నా అక్కా?" అని కాక తలుపులోంచి అడిగాడు. అతని మాటలో తప్పు లేదు. అక్క అరచేతి మీద కమిలి, కమిలి అని రెండుసార్లు రాసుకుంది, ఎందుకో నాకు తెలియదు.

ఫోను మోగింది. నా చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది.

"అన్నా, జర మంచిగ ఇను. మీ తండాల కమిలి ఉన్నది గద..."

అవతల గాలి హోరు. గొంతు తెగి తెగి వచ్చింది. "ఏ కమిలి, అక్కా?"

అక్క కళ్ళు మూసుకుంది. గోడకు ఆనుకుని, నేను ఎప్పుడూ చూడని విధంగా, కుర్చీలో కూర్చుండిపోయింది. ప్రశ్న అడగకముందే జవాబు వచ్చేసింది. అతను ఇంకా చెబుతూనే ఉన్నాడు: "బోరింగు కాడి కమిలా, ఒర్రె అవుతలి కమిలా? బోరింగు కాడామెకు గోలీ పెద్దగ జేసిండ్రు. ఒర్రె అవుతలామెకు పాతదే."

ఇద్దరు. చేతిపంపు దగ్గర ఒకతె, వాగు అవతల ఒకతె.

నియమం తీసేసి మళ్ళీ దింపింది. బస్తాలు సరిపోయాయి. ఇద్దరు కమిలీలను వేరుచేయడానికి పట్టికలో ఒక కొత్త గడి కావాలి. దానికి ఏం పేరు పెట్టాలా అని ఆలోచిస్తుంటే, బయట మైకు కట్టిన ఆటో ఒకటి బంద్ పిలుపు, బంద్ పిలుపు అని అరుచుకుంటూ పోయింది. అక్క ఆ రోజు మొదటిసారి నవ్వింది. గడి మీద 'పిలుపు' అని రాసింది. ఒక కమిలికి 'బోరింగు కాడ', ఇంకో కమిలికి 'ఒర్రె అవుతల'. చీటీలు ముద్రించి, ఆ రెండు పొట్లాలనూ తనే కట్టి, కాక చేతిలో పెట్టింది. బండి గూడూరు చేరేసరికి జనం రోడ్డు మీద పొయ్యిలు పెట్టేశారు. మందుల బండి అనగానే పొయ్యి జరిపి తొవ్వ ఇచ్చారనీ, ఆకులో ఇంత పులిహోర కూడా పెట్టారనీ కాక తర్వాత చెప్పాడు.

ఆ గడి అలాగే ఉండిపోయింది. సమ్మె అయిపోయాక, అందరి పిలుపులూ రాయాల్సిందేనని తనే క్యాంపులకు బయల్దేరింది. "మీ ఊర్లె నిన్ను ఏమని పిలుస్తరు?" ఇదొక్కటే ప్రశ్న. కాటారంలో ఒక ముసలాయన చెప్పనని మొండికేశాడట. "నువ్వు నవ్వుతవ్ బిడ్డా."

"నవ్వ తాతా, ఒట్టు."

"నిద్ర మల్లయ్య అంటరు."

ఒట్టు తీసి గట్టున పెట్టి పడీ పడీ నవ్వి, ఆయన చిన్నబుచ్చుకుంటే, "నన్ను మా ఇంట్ల లొల్లి అంటరు తాతా, ఇగ సమానం" అన్నదట. ఆ మాట మూడు ఆఫీసుల్లోనూ పాకింది, కానీ ఆమె ముందు అనే ధైర్యం ఎవరికీ రాలేదు. రాష్ట్రం వచ్చింది, జిల్లాలు విడిపోయాయి, సర్వర్లు మారాయి. ప్రతిసారీ కొత్త సాఫ్టువేరువాళ్ళు ఈ గడి ఎందుకని అడిగారు. ప్రతిసారీ ఆమె వాళ్ళతో కొట్లాడి నిలబెట్టింది. నాకు ఇప్పుడు తెలిసిన పని అంతా ఆమె నేర్పిందే. ఇంత మాట ఆమె బతికుండగా అనలేదు, అంటే తిట్టేది.

జనగామ చేరేసరికి మధ్యాహ్నమైంది. బజారులో దుకాణాల షట్టర్లు సగం దించి ఉన్నాయి. హాలులో ఆమెను పడుకోబెట్టారు. ఎవరెవరో వస్తున్నారు, వాళ్ళ పెనిమిటికి చాలామంది తెలియదు. "నువ్వు జర ఈడ నిలబడి ఎవరో అరుసుకో బిడ్డా" అంటే గుమ్మంలో నిలబడ్డాను. చిన్నప్పుడు ఆమె నిలబడిన గుమ్మం వంటిదే, వీధిలోకి చూసేది.

తండా కట్టుబొట్టుతో ఒకామె వచ్చింది. వెంట ఎదిగిన కూతురు. చాలా దూరం వచ్చినట్టుంది, పాదాలకు దుమ్ము. క్యాంపులకు పోయేది అక్క, ఆఫీసులో ఉండిపోయేది నేను. అందుకని ఆ మొహం నాకు తెలియదు.

"ఎవరమ్మా?"

"కమిలి."

నా నోటి నుంచి నాకు తెలియకుండానే వచ్చింది. "ఏ కమిలి?"

ఆమె నన్ను దాటి లోపలికి పోయి, అక్క తల దగ్గర కూర్చుని, రాతలేమీ లేని ఆ అరచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. చెవి దగ్గరకు వంగి, నిద్రపోతున్నవాళ్ళను లేపే గొంతుతో చెప్పింది.

"ఒర్రె అవుతలి కమిలినక్కా."