టార్చి సెల్

అప్పట్లో నేను గవర్నర్‌పేటలో రేడియోలు, స్టీరియోలు బాగుచేసేవాణ్ణి. ఆ రోజు బందరు బస్సులో నా ఒళ్ళో ఒకటి, కాళ్ళ మధ్య ఒకటి, రెండు ఫారిన్ స్పీకరు పెట్టెలు. బందరు డాక్టరు గారివి. ఒకటి కొన్నప్పటిలాగే ఉంది. రెండోదానికి అదే కంపెనీ కొత్తగా వదిలిన కాగితపు కోన్, అదే శబ్దం పుట్టించే గరాటు, వేశాను. డాక్టరు గారు ఎంతో కష్టపడి తెప్పించుకున్న కోన్ అది. తీరా రెండూ కలిపి మోగిస్తే బేస్, ఆ లోతైన గుమ్ గుమ్ శబ్దం, మాయమైపోయింది. కొత్తది పనికిమాలినదని చెప్పేద్దామని బయల్దేరాను.

"పైన వెయ్యమంటే వినవేంటయ్యా" అని కండక్టరు రెండోసారి కసిరాడు. నేను పెట్టెల్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

పక్క సీటు పెద్దాయన సంగతంతా అడిగి విని, తన టార్చిలోంచి ఒక సెల్ తీశారు.

"వద్దండీ, కాలిపోతుంది" అన్నాను.

"ఏం కాదండీ. ముందున్న గుడ్డ తియ్యండి."

పాతదాని తీగలకు సెల్ తాకించారు. కోన్ టప్పున ముందుకొచ్చింది. కొత్తదానికీ అలాగే తాకించారు. అది వెనక్కి పోయింది.

ఒకటి ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది, బేస్ చచ్చిపోయింది అందుకే. వెనక స్క్రూల దగ్గర తీగలు తారుమారుగా బిగించింది నేనే.

ఆయన నా మొహం చూడలేదు. "పామర్రు వచ్చేలోపు మార్చేయొచ్చు" అని, నేను స్క్రూడ్రైవరు పట్టే వీలుగా పెట్టెను తన ఒళ్ళోకి తీసుకున్నారు. పామర్రులో దిగుతూ సెల్ నా చేతిలో పెట్టారు.

సాయంత్రం డాక్టరు గారు రెండూ విని, పాతదానికీ కొత్త కోనే వెయ్యమన్నారు. "నీ చేతిలో పనితనం ఉందయ్యా" అన్నారు.

నేను జేబులో ఉన్న సెల్‌ని తడిమి చూసుకున్నాను. ఆ తర్వాత సెల్ తాకించి చూడకుండా ఏ స్పీకరునీ చెడ్డదనలేదు.