చుంచు అన్న మాట

మా గద్వాలలో చుంచెలుకను ఎవరూ పూర్తి పేరుతో పిలవరు, చుంచు అంటారు. కోసు మూతితో, గోడల వారనే కిచకిచమంటూ పరుగెత్తే చిన్న జంతువు. దాని ఒంటి కంపు తగిలిన కూడు తినేవారు కాదు. కరిస్తే విషమెక్కుతుందని పెద్దలు మమ్మల్ని భయపెట్టేవారు. మా ఇంటికి పట్టు తెచ్చే సాయిబు దాన్నే చుచుందర్ అనేవాడు. ఏ పేరుతో పిలిచినా అది జంతువు దగ్గరే ఆగేది కాదు. ముక్కు పొడుగ్గా ఉన్నవాళ్లనూ, లోలోపల గొణుక్కునేవాళ్లనూ, దగ్గర కూర్చోబెట్టుకోవడం ఇష్టం లేనివాళ్లనూ కూడా అలాగే అనేవారు.

మా చిన్నమ్మకు ఆ పేరు పెట్టింది మా అమ్మ.

చిన్నమ్మ వనపర్తి పిల్ల. మా చిన్నాయనను చేసుకుని వచ్చేనాటికి ఆమె బక్కగా, కోల మొహంతో, పని చేస్తూ తనలో తాను ఏదో అనుకుంటూ ఉండేది. మగ్గానికి పట్టు కండెలు చుట్టడంలో మాత్రం ఆమెకు సాటి లేదు. ఆమె చుట్టిన పట్టు ఒక్క పోగు కూడా చిక్కుపడేది కాదు. నాయనమ్మ ఆ కండెలను అరచేతిలో తిప్పి చూసి, మా అమ్మ కండెలను పక్కకు నెట్టేది. ఒకరోజు బావి కాడ ఆడవాళ్లు కొత్త కోడలు ఎట్లున్నదని అడిగితే అమ్మ నవ్వి, "ఏముంది, చుంచు. గోడల పొంటి కిచకిచ అనుకుంట తిరుగుతది" అన్నది.

అందరూ నవ్వారు. వారం తిరగకముందే ఆ పేరు వాడంతా పాకింది. చిన్నమ్మ వడ్డిస్తే "చుంచు ముట్టిన కూడు" అని వరుసైనవాళ్లు పరాచికాలాడేవారు. పిల్లలం మేమూ అన్నాం. చిన్నమ్మ ఒక్కరికీ ఎదురు చెప్పలేదు. గొణుక్కోవడం మాత్రం మానేసింది.

ఆ ఏడు ఒక పెళ్లి చీర మా చిన్నాయన మగ్గం మీదికి వచ్చింది. ఎర్ర పట్టు అంచు. సరిగ్గా అప్పుడే చిన్నమ్మ తన చెల్లెలి పెళ్లికి పుట్టింటికి పోతానని అడిగింది. చీర దిగేదాకా కదలొద్దన్నాడు చిన్నాయన. ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు. మర్నాడు పొద్దున మగ్గం గుంటలోకి దిగిన చిన్నాయనకు అంచు పడుగు తెగి కనిపించింది. ఒక పోగు కాదు, ఒక పాయంత.

"ఎవరు చేసిన్రే ఇది?" అని నాయనమ్మ గట్టిగా అడిగింది.

పొయ్యి దగ్గరున్న అమ్మ తల తిప్పకుండానే, "ఇంకెవరు, చుంచే కొరికుంటది" అన్నది.

అమ్మ అన్నది జంతువునే. ఆ సంగతి ఆమె నాకు ఎన్నోసార్లు చెప్పింది, ఒట్టు వేసి మరీ చెప్పింది. కానీ చిన్నాయనకు వినిపించింది తన పెండ్లాం పేరు. పుట్టింటికి పంపలేదన్న కోపంతో పడుగు తెంపిందనుకున్నాడు. గుంటలోంచి లేచి వచ్చి, వాకిట్లో నీళ్లు చల్లుతున్న చిన్నమ్మను చెంప మీద కొట్టాడు. ఎందుకో ఆమెకు తెలియలేదు. చెంబు చేతిలోనే ఉంది. ఆమె చిన్నాయన వైపు చూడలేదు, మా అమ్మ వైపు చూసింది.

అమ్మ నోరు తెరవలేదు.

"పడుగు తెంపుతవా? పుట్టింటికే గద పోతనన్నవు, పో" అన్నాడు చిన్నాయన. చిన్నమ్మ ఆ పూటే మూట కట్టుకుని పోయింది.

కొన్నాళ్లకు అమ్మ, నేను అటక దులుపుతుంటే పాత గంపలో ఎలుక గూడు బయటపడింది. ఎర్ర పట్టు పోగులు ముద్దగా చుట్టి ఉన్నాయి. వాటి మధ్య కళ్లు తెరవని పిల్లలు. అమ్మ ఆ గంపను కిందికి దించి చిన్నాయన ముందు పెట్టింది. ఆయన ఒక ఎర్ర పోగును తీసి వేళ్ల మధ్య పట్టి చూశాడు.

"నేను పోయి తోలుకొస్త" అన్నది అమ్మ.

నన్ను వెంటబెట్టుకుని రైలెక్కింది. కృష్ణ దాటేటప్పుడు అందరూ నీళ్లను చూస్తుంటే అమ్మ తన ఒడిలోకి చూసుకుంటూ కూర్చుంది. రైలు దిగి, ఎడ్లబండి మీద వనపర్తి చేరేసరికి పొద్దు వాలుతోంది. చిన్నమ్మ రాట్నం ముందు కూర్చుని ఉంది. లేచి మాకు నీళ్లిచ్చింది.

"ఎలుక కొరికింది చెల్లె. గూడు దొరికింది" అన్నది అమ్మ.

"నాకు ముందే తెలుసు గదక్క, నేను తెంపలేదని."

"నేను గా జంతువునే అన్న. నిన్ను గాదు."

"రెండిటికీ ఒకటే పేరు పెడితివి. ఆయనకెట్ల తెలుస్తది?"

అమ్మ ఏడ్చింది. చిన్నమ్మ ఏడవలేదు. రెండు రోజులు ఆలోచించుకుని మాతోనే వచ్చింది. అమ్మ వాడలో ఇల్లిల్లూ తిరిగి, ఇకమీద ఆ పేరుతో పిలవొద్దని చెప్పుకుంది. వద్దని చెప్పడానికి ప్రతి గడపలోనూ ఆ పేరును మళ్లీ పలకాల్సి వచ్చేది. ఇంటికొచ్చి మొహం కడుక్కుని, అన్నం తినకుండా పడుకునేది. చిన్నాయన ఆ తర్వాత చిన్నమ్మను పల్లెత్తు మాట అనలేదు. ఆమె కూడా ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు.

కొన్నేళ్లకు అమ్మ మంచం పట్టింది. జొన్న గంజి కాచి తాగించింది చిన్నమ్మే. ఒకరోజు నేను పక్కనుండగానే అమ్మ ఆమె చేయి పట్టుకుని, "నీకు గా పేరు పెట్టినందుకు నా నాలుక తెగిపడాలె" అన్నది.

"పేరుదేముందక్క, ఎప్పుడో మరిచిన" అన్నది చిన్నమ్మ. "ఆయన కొట్టిన నాడు నువ్వు ఒక్క మాట చెప్తవేమోనని చూసిన. అదొక్కటే మరువ వస్తలేదు."

అమ్మ కళ్లు మూసుకుంది. చిన్నమ్మ ఆమె గడ్డం తుడిచి, ఇంకో గుక్క తాగమన్నది.