బాన పక్కన పెట్టిన సూది

మా మేనమామ చేలో నీళ్ళు తోడే ఆయిలింజను, డ్రైవరు నిర్లక్ష్యం వల్లే చెడిపోయిందని ఇందుకూరుపేట వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజం కాదు. నిజం తెలిసినవాణ్ణి నేను. అందుకే ఇది రాస్తున్నాను.

అరవైల మొదట్లో బడి మానేసి గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. అయస్కాంతం మట్టిగోడ అవతలి సూదిని కూడా తాకకుండానే తిప్పుతుందని చదివాను. ఇంజనును చల్లబరిచే నీళ్ళు పెద్ద మట్టి బానలోంచి వచ్చేవి. డ్రైవరు అస్తమానం మూత తీసి, చేయి ముంచి నీళ్ళు చూసుకునేవాడు. నేను నీళ్ళలో తేలే వల బెండుకు అయస్కాంతం కట్టి బానలో వేశాను. అది బాన గోడ వెంటే పైకీ కిందికీ జరిగేట్టు వెదురు దబ్బలు అమర్చాను. బయట, ఇంజనుకు దూరంగా ఉన్న వైపు, నిండు నీళ్ళ ఎత్తున దిక్సూచి పెట్టాను. నీళ్ళు నిండుగా ఉంటే సూది బానవైపు తిరుగుతుంది. తగ్గితే ఉత్తరానికి మళ్ళుతుంది.

"ఇంక చేయి ముంచే పన్లేదన్నా. మూత తీస్తే దుమ్ము పడుద్ది" అన్నాను కూలీలందరి ముందు.

"ఏందబ్బయా, నా చేతికంటే నీ సూదికి ఎక్కువ తెలుసా?"

"నీ చెయ్యి పుస్తకాలు చదవలేదు గదా!"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

ఆయుధపూజ నాడు కొడవళ్ళు, గునపాలు కడిగి, బొట్లు పెట్టి బానకు ఆనించారు. పూజ చేసిన పనిముట్లను మర్నాటిదాకా కదపకూడదు. ఇంజనును మాత్రం శకునానికి కాసేపు తిప్పుతారు. చేను ఎండుతోందని మామయ్య ఆ రోజు ఆపనివ్వలేదు. మధ్యాహ్నం డ్రైవరు మూతమీద చేయి వేశాడు.

"సూది చూడన్నా" అన్నాను. సూది బానవైపే ఉంది.

ఇంకో గంటకు ఇంజను కీచుమని బిగుసుకుపోయింది. బానలో చుక్క లేదు. డ్రైవరు మామయ్యను పిలవడానికి పరిగెత్తాడు. నేను కొడవళ్ళు పక్కకు లాగాను. సూది ఉత్తరానికి తిరిగింది. అంతసేపూ ఇనుమే దాన్ని పట్టి ఉంచింది. ఇనుము పక్కన దిక్సూచి పెట్టకూడదని కూడా చదివాను. చదివి, చూడలేదు.

"కళ్ళు యాడ పెట్టుకున్నావురా?" అని మామయ్య డ్రైవరు మీద అరిచాడు. డ్రైవరు నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను. మర్నాటి నుంచి ఆయన పనిలో లేడు. చుట్టుపక్కల ఎవరూ ఆయనకు ఇంజను అప్పగించలేదు.

మామయ్య పోయాక, మైపాడు దగ్గర వలలు లాగుతున్న ఆయన దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను.

"తెలుసబ్బయా. నువ్వు కొడవళ్ళు లాగేది తిరిగి చూసినా."

"మరి మామయ్యతో ఎందుకు అనలేదన్నా?"

"నువ్వు చెప్తావనుకున్నా" అని వల అందుకున్నాడు.

పేర్లు రాయను. చదవడానికి పుస్తకాలిచ్చిన గ్రంథాలయం పెద్దమనిషికి, ఇది రాయమని పట్టుబట్టిన మా ఆవిడకు కృతజ్ఞతలు. మైపాడు వెళ్ళిన రోజు నన్ను చాప మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చిన డ్రైవరు భార్యకు కూడా. నేనెవరో ఆమెకు తెలిసే ఇచ్చింది.