రింగు ఎంతలో పెట్టావు

కోతల మేస్త్రీ చెయ్యి పడని తలుపు ఆ చుట్టుపక్కల వీధుల్లో లేదు. కొయ్య కోస్తాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని అతను చెప్పుకుంటాడు. పెట్టినవాళ్ళ మనసులో మాత్రం కొయ్య లేదు. ఎనిమిదో తరగతిలో బడి ఎందుకు మానేశావని అడిగితే అతని దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. ఒకరోజు తరగతి తలుపు బిగుసుకుపోయి హెడ్మాస్టరుతో సహా అరవై మంది లోపల ఇరుక్కుపోయారట. ఆలస్యంగా వచ్చి బయట ఉండిపోయిన తను ఒక్క మేకుతో ఆ తలుపు ఊడదీశాడట. "ఇక నీకు నేర్పడానికి మా దగ్గర ఏమీ మిగల్లేదు నాయనా" అని హెడ్మాస్టరు కళ్ళొత్తుకుంటూ సాగనంపాడట. లెక్కల్లో మూడుసార్లు తప్పిన ముక్క ఆ కథలోకి రాదు.

అతని కుడిభుజం ఒక పసుపుపచ్చ బ్యాటరీ డ్రిల్లు. దాని మెడ దగ్గర ఒక రింగు ఉంటుంది. రింగు మీద ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు, చివర చిల్లులు పెట్టే బిట్టు బొమ్మ. చిన్న అంకె మీద పెడితే, స్క్రూ బిగుసుకోగానే డ్రిల్లు కిర్రుకిర్రుమని జారిపోయి ఊరుకుంటుంది. బొమ్మ మీద పెడితే ఇక దయాదాక్షిణ్యాలుండవు, స్క్రూ అయినా తెగాలి, మణికట్టయినా తిరగాలి. పనిలోకి వచ్చిన ప్రతివాడికీ మేస్త్రీ మొదట చెప్పే మాట ఇదే: "రింగు చూడకుండా మీట నొక్కావంటే రేపట్నించి రావద్దు." అతను జన్మలో చెప్పిన మాటల్లో నీళ్ళు కలపనిది బహుశా అదొక్కటే.

అతనికి ఒక బావ ఉన్నాడు, అక్క భర్త. బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు మెకానిక్కుగా చేసి దిగిపోయిన మనిషి. బావమరిది ఎన్ని మాటలు పారబోస్తాడో, ఆయన అన్ని దాచుకుంటాడు. ఆయనకున్న ఒకే ఒక పిచ్చి మూరెడు పొడవున్న రిమోటు కారు. అంగట్లో దొరికే బ్యాటరీ బొమ్మ కాదు. నైట్రో నూనె తాగి, నీలంగా పొగ వదిలి, కందిరీగల తుట్టెను కదిపినట్టు అరిచే అసలు ఇంజనుంది దానికి, నిమ్మకాయంత. ప్రతి ఆదివారం పొద్దున గిడ్డంగి వెనక సిమెంటు జాగాలో ఆయనా, గడియారాలు బాగుచేసే ఆయనా, దర్జీ, ముగ్గురూ చేరి కార్లు పరిగెత్తించేవాళ్ళు.

ఎనిమిది నెలల కిందట బావ భుజానికి ఆపరేషన్ అయింది. కుడిచెయ్యి రొమ్ము దాటి లేవడం మానేసింది. ఆ కారు ఇంజను మొదలవ్వాలంటే దాని వెనకున్న తాడును చటుక్కున గుంజాలి. కట్టు విప్పిన వారంలోనే ఆయన పంతానికి పోయి గుంజాడు. తాడు సగంలో బిగుసుకుంది. ఒళ్ళు మండి మళ్ళీ గుంజాడు. భుజం పట్టేసి అక్కడే కూలబడ్డాడు. ఆ రోజు నుంచి కారు అలమరలోనే ఉంది.

"ఆదివారం వస్తే దాన్ని కిందికి దించి, ఎడంచేత్తో తుడిచి, మళ్ళీ పైన పెడతార్రా. చూడలేకపోతున్నాను" అని అక్క తమ్ముడి దగ్గర వాపోయింది.

అంతే, మేస్త్రీ రెచ్చిపోయాడు. అయిదంతస్తుల లిఫ్టును డ్రిల్లుతో నడిపినవాడికి నిమ్మకాయంత ఇంజను ఒక లెక్కా అన్నాడు. తీరా చూస్తే ఉపాయం అతనిది కాదు, గడియారాలాయనది. తాడున్న వెనక మూత తీసేసి, ఆరు పలకల ఊచ దూరే మూత బిగించుకోవచ్చు. ఆ ఊచను డ్రిల్లుకు తగిలించి తిప్పితే తాడుతో పనే ఉండదు. బావ ఆ మూత తెప్పించి, ఎడంచేత్తో స్క్రూలు తిప్పుతూ, కుడిచేత్తో పట్టుకోవలసినవన్నీ బావమరిది చేత పట్టించి, తనే బిగించాడు. ఆ సాయంత్రం ఆయన మాట్లాడినంత ఎప్పుడూ మాట్లాడలేదని అక్క తర్వాత చెప్పింది.

ఆదివారం జాగాకు వెళ్ళే దారిలో బావ రెండే జాగ్రత్తలు చెప్పాడు. పొగగొట్టం చివర వేలు మూసి కొద్దిగా తిప్పితే నూనె సన్నగొట్టంలో పాకి వస్తుంది, అది ఇంజను దాకా రాగానే వేలు తీసెయ్యాలి, లేకపోతే ఇంజను కడుపు నూనెతో నిండి బిగుసుకుపోతుంది. అలా బిగుసుకుంటే బలం చెయ్యకుండా, పైనున్న ప్లగ్గు విప్పి తిప్పితే నూనె బయటికి కక్కేస్తుంది. ఇక రెండోది, "రింగు అయిదు దాటనీకు."

"నాకే చెప్తున్నావా బావా రింగు గురించి" అని మేస్త్రీ నవ్వాడు.

బావ మలుపుల దగ్గర డబ్బాలు పెట్టడానికి జాగా అవతలి చివరకు నడిచాడు. ఇక్కడ దర్జీ, గడియారాలాయన కారు చుట్టూ చేరారు. వినడానికి రెండు జతల చెవులు దొరికాయి. మేస్త్రీ ఒక వేలు పొగగొట్టం మీద మూసి, రెండో చేత్తో డ్రిల్లు మీట నొక్కుతూ లిఫ్టు కథ ఎత్తుకున్నాడు. పోయినసారి ఆ లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు తొమ్మిది మంది. ఈసారి పద్నాలుగు మంది, ఒక ఇనప బీరువా. నిజానికి ఆ భవనంలో అతను చేసిందల్లా లిఫ్టు మీటల పలకకు వదులైన రెండు స్క్రూలు బిగించడం. కథ నాలుగో అంతస్తు దాటి అయిదో అంతస్తు చేరేలోపు గొట్టంలో నూనె ఎప్పుడో ఇంజను చేరింది. వేలు మాత్రం అక్కడే ఉంది.

డ్రిల్లు కిర్రుకిర్రుమంది. ఊచ ఆగిపోయింది.

"మేస్త్రీ గారూ, బీరువా బరువు ఎక్కువైనట్టుంది" అన్నాడు దర్జీ.

గడియారాలాయన పకపకా నవ్వాడు. మేస్త్రీకి చెవులు వేడెక్కాయి. ప్లగ్గు విప్పాలని తెలుసు. విప్పాలంటే బావను పిలవాలి, ప్లగ్గు పానా ఆయన జేబులో ఉంది. పిలిస్తే ఈ దర్జీ నెల రోజులు కుడుతూనే ఉంటాడు. అతని బొటనవేలు తనంతట తానే రింగును చివరికంటా, బొమ్మ మీదికి తిప్పింది. మీట నొక్కాడు.

ఎండుపుల్ల విరిగినట్టు లోపల టక్కుమంది. ఆ తర్వాత ఊచ తిరిగింది, గరగరమంటూ, పట్టు లేకుండా.

బావ పరుగులాంటి నడకతో వచ్చేసరికి రింగు మళ్ళీ అయిదు మీద ఉంది. ఎప్పుడు తిప్పాడో అతనికే గుర్తు లేదు. బావ కారును చెవి దగ్గర పెట్టుకుని చక్రం తిప్పి విన్నాడు. ముఖంలో రంగు మారింది.

"రింగు ఎంతలో పెట్టావు?" అని అడిగాడు.

"అయిదులో" అన్నాడు మేస్త్రీ.

అతని కోతలన్నిటిలోకీ అదే చిన్నది. పద్నాలుగు మంది లేరు, బీరువా లేదు, ఒక అంకె, అంతే.

రెండు రోజుల తర్వాత అక్క రమ్మంటే వెళ్ళాడు. వంటింటి బల్ల మీద గుడ్డ పరిచి, బావ ఇంజనును పేగులతో సహా విప్పి వరుసగా పేర్చాడు. మధ్యలో చూపుడువేలంత కూడా లేని కడ్డీ, పిస్టన్‌ను తోసేది, నడుం వంగి ఉంది. ఆయన దాన్ని ఎడంచేతి వేళ్ళ మధ్య తిప్పుతూ నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. అయిదు అంకె మీద డ్రిల్లుకు దీన్ని వంచే బలం లేదు. కాబట్టి ఇది ముందే వంగి ఉండాలి. ఆపరేషన్ తర్వాత తాడు బిగుసుకున్నప్పుడు కోపంతో గుంజింది ఆయనే. అప్పుడే వంగింది.

"అది పోనీ, వెనక మూత మార్చినప్పుడు కళ్ళెదురుగా ఉంది కదరా ఇది. చూడలేకపోయాను. ముప్పై ఏళ్ళు బస్సుల కింద పడుకుని పని చేశాను. చెయ్యి పోయిందనుకున్నాను, కన్ను కూడా పోయింది" అన్నాడు.

ఆ తర్వాత, ఊరికే నీ ఆదివారం పాడుచేశానని బావమరిదికి క్షమాపణ చెప్పాడు.

 మేస్త్రీ నిజం చెప్పాలని నోరు తెరిచాడు. అక్క టీ గ్లాసు చేతిలో పెట్టి, "నువ్వైనా ఇంత కష్టపడ్డావు" అంది. ఆ టీ అతను ఎలా మింగాడో అతనికే తెలియాలి. అప్పటిదాకా ఎవరి ఇంట్లోనైనా గంట కూచోనిదే లేవని మనిషి, పని ఉందని చెప్పి పది నిమిషాల్లో చెప్పులేసుకున్నాడు. గుమ్మం దాటుతూ అలవాటుగా తలుపు బందుల మీద చెయ్యి వేశాడు. అవి అతను బిగించినవే. మొదటిసారి వాటి వైపు చూడలేకపోయాడు.

ఆ వారమంతా పనిలో డ్రిల్లు కిర్రుమన్నప్పుడల్లా అతని చెవులు వేడెక్కాయి. ఒక ఇంట్లో అలమర తలుపు బిగిస్తుంటే ఆ ఇంటావిడ లిఫ్టు కథ చెప్పమని ముచ్చటపడింది. మొదలుపెట్టాడు, రెండో అంతస్తు దగ్గర ఆపేశాడు. లిఫ్టు ఏమైందని ఆవిడ అడిగితే, ఏమీ కాలేదమ్మా, రెండు స్క్రూలు వదులయ్యాయి అన్నాడు. ఆవిడ మేస్త్రీకి జ్వరమేమోనని మజ్జిగ ఇచ్చింది.

మళ్ళీ ఆదివారం వచ్చింది. గడియారాలాయన తన పాత ఇంజనులోంచి అలాంటి కడ్డీ ఒకటి తీసి తెస్తానన్నాడని తెలిసి, మేస్త్రీ పిలవకుండానే డ్రిల్లు పట్టుకుని జాగాకు వెళ్ళాడు. అతను చేరేసరికి బావ మిగతా ఇద్దరికీ తన తప్పే వివరిస్తున్నాడు. తొందరపడి గుంజానని, కన్ను ఆనలేదని, ఇకమీదట ఇంజను విప్పే పని గడియారాలాయనకే వదిలేస్తానని. ఆ ఆఖరి మాట మేస్త్రీ ఊహించలేదు. కడ్డీ ఒకటి వంగితే ఇంకొకటి వస్తుంది. ఆ మనిషి ఇంకెప్పుడూ పానా పట్టనంటున్నాడు.

"అది నేను వంచాను" అన్నాడు మేస్త్రీ. "డబ్బాలు పెట్టడానికి నువ్వు అటు వెళ్ళినప్పుడు. కథ చెప్తూ వేలు తియ్యడం మర్చిపోయాను. బిగుసుకుంది. దర్జీ నవ్వాడని రింగు బొమ్మ మీద పెట్టి నొక్కాను. నీకు అయిదని అబద్ధం చెప్పాను."

 దర్జీ విరగబడి నవ్వాడు. బావను కాపాడటానికి మేస్త్రీ ఈసారి కొత్త కథ అల్లాడన్నాడు. ఎంత మంచి బావమరిది అని గడియారాలాయన భుజం తట్టాడు. మేస్త్రీ కాదని ఒట్టేశాడు. ఒట్టు వెయ్యని కథ అతను ఏనాడు చెప్పాడు గనక. ఇద్దరూ ఇంకా నవ్వారు. నలభై ఏళ్ళుగా నమ్మని జనాన్ని నమ్మించిన నోరు, నిజం చెప్పిన పూట ఎందుకూ కొరగాకుండా పోయింది. నేల చీలితే బాగుండనిపించింది. సిమెంటు నేల, చీలలేదు.

బావ మాత్రం నవ్వలేదు. అతని ముఖంలోకే చూస్తూ ఉన్నాడు.

"వాళ్ళు నవ్వుతారు గానీ, ఇది నిజమే" అన్నాడు చివరికి. "వీడి కథల్లో వీడు ఇంతవరకు ఒక్కసారి కూడా ఓడిపోలేదు."

నవ్వులు ఆగిపోయాయి. దర్జీ చూపు దించుకున్నాడు. బావ అడుగు ముందుకు వేసి, డ్రిల్లు ఇమ్మని ఎడంచెయ్యి చాచాడు. రింగును బొమ్మ మీద నుంచి ఒక్కొక్క అంకె లెక్కపెడుతూ అయిదు దాకా తిప్పాడు. ఊచను మేస్త్రీ గుప్పిట్లో పెట్టి గట్టిగా పట్టుకోమన్నాడు, మీట నొక్కాడు. డ్రిల్లు కిర్రుకిర్రుమని జారింది. గుప్పిట కదల్లేదు.

"చూశావా. దీనికి చెయ్యి కూడా తిరగదు. వారమంతా నా చేతిని తిట్టుకున్నాన్రా" అన్నాడు. కోపంగా కాదు. కోపంగా అనుంటే మేస్త్రీకి కాస్త తేలికయ్యేది.

గడియారాలాయన తెచ్చిన కడ్డీని బావ అందుకుని వెలుగులో పెట్టి, ఒక కన్ను మూసి, నిటారుగా ఉందో లేదో చాలాసేపు చూశాడు. బాగుందన్నాడు. అక్కడే గుడ్డ పరిచి, జేబులోంచి పానా తీశాడు. కుడిచేత్తో పట్టుకోవలసిన ముక్క వచ్చినప్పుడు తల ఎత్తకుండా, "పట్టుకో" అన్నాడు.

మేస్త్రీ మోకాళ్ళ మీద కూచుని పట్టుకున్నాడు. మూత బిగించేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ప్లగ్గు వేడెక్కడానికి బ్యాటరీ తగిలించి, పొగగొట్టం మీద మేస్త్రీని వేలు మూయమని, బావ ఎడంచేత్తో డ్రిల్లు తిప్పాడు. గొట్టంలో నూనె చివరకు రాగానే, "వేలు" అన్నాడు. అతను అప్పటికే తీసేశాడు. మూడో తిప్పుడుకు ఇంజను దగ్గి, నీలిపొగ కక్కి, అరవడం మొదలుపెట్టింది. బావ రిమోటు ఎడంచేతిలోకి తీసుకుని కారుతో పాటు చూపును దూరంగా పంపేశాడు.

బావ ఇంటికి వెళ్ళాక అక్క, ఇంజను ఎవరు మొదలుపెట్టారురా అని అడిగింది. మేస్త్రీకి ఎదురుగా ఒక అక్క, రెండు చెవులు, పొయ్యి మీద టీ. చెప్పుకోదగ్గ కథే.

"నేను పట్టుకున్నాను, బావ మొదలుపెట్టాడు" అన్నాడు. ఆ తర్వాత అక్కకు కూడా, పోయిన ఆదివారం తను రింగు ఎక్కడ పెట్టాడో మొదటి నుంచి చెప్పాడు.