తూకానికి ముందు ఉమ్మి

ఇనపక్కకు రోత పుట్టించడం అంత తేలిక కాదు. ఆవిడ సగం బతుకు బరువుల గదిలోనే గడిచింది. చెమట సాక్సులు, చీము పట్టి విప్పిన కట్లు, ఏ జన్మలోనో ఉతికిన మోకాలి పట్టీల మధ్య కూర్చుని గుడ్లు ఒలుచుకు తినగలదు. ఆ గది కంపుకి దోమలు సైతం గుమ్మం దగ్గరే ఆగి, దండం పెట్టి వెనక్కి పోయేవట. అలాంటి మనిషికి సొంత బావ చేతిలోని ప్లాస్టిక్ సీసా కనబడితే చాలు, రోత పుట్టేది.

వయసులో ఉండగా ఆవిడ కూడా బరువులెత్తింది. ఆవిడ కడ్డీ పైకి లేపితే నేల జానెడు కిందికి దిగేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎముక ముదరని వయసులో, పతకం మీద ఆశతో ఒక మాస్టారు ఎత్తించకూడని బరువు ఎత్తించాడు. తుంటి పోయింది. అప్పటినుంచి కుంటుతూనే పిల్లలకు కసరత్తు నేర్పుతోంది. కొత్తగా వచ్చింది ఎవరైనా సరే, ముందు చీపురుకర్ర భుజాన పెట్టుకుని కూర్చుని లేవాలి. నడుము వంకర పోనంత వరకూ ఇనుము ముట్టనివ్వదు.

"మావాణ్ణి ఊడ్వడానికి పంపామా?" అని తల్లులు దెప్పేవారు.

"ఊడ్చినా నడుం నిలబడాలి కదమ్మా" అనేది.

పక్క హాలు కుస్తీది. అక్కడి మాస్టారే ఆవిడ అక్క మొగుడు. మెడలో ఎప్పుడూ ఈల ఉంటుంది కాబట్టి అందరూ విజిలు మాస్టారంటారు. నిద్రలో కూడా ఊదుతాడనీ, అక్క చెవుల్లో దూది పెట్టుకుంటే తప్ప నిద్రపట్టదనీ వాడుక. ఆయన కూతురు ఆ హాల్లోనే కుస్తీ నేర్చుకుంటోంది. ఆ ఏడు పిల్ల వెదురు బొంగులా లేచింది. పొద్దున వేసుకున్న జోళ్లు సాయంత్రానికి బిగుతయ్యేవి.

కుస్తీలో ఒంటి బరువును బట్టి తరగతులుంటాయి. ఎదిగిన పిల్లను ఎలాగోలా కింది తరగతిలో కుక్కితే చిన్న పిల్లల మీద గెలుపు ఖాయమని బావ ఎత్తు. తూకం వేసే ఆ కాసేపు కాటా ముల్లు దిగితే చాలు. అందుకోసం పోటీ దగ్గరపడిందంటే మంచినీళ్లు బంద్. ఎండలో వానకోటు తొడిగి పరుగు. అది చాలక నోట్లో చూయింగ్ గమ్, చేతిలో ఖాళీ సీసా. నమలాలి, ఉమ్మాలి. ఉమ్మితే ఒంట్లో నీళ్లు పోతాయి, నీళ్లు పోతే బరువు పోతుందని ఆయన సిద్ధాంతం. ఆడపిల్లలంతా గోడవార వరసగా కూర్చుని, గేదెలు నెమరేసినట్టు నమిలి సీసాల్లోకి ఉమ్మేవారు. పైన నురగ, కింద తీగలు. బావ ఒక్కో సీసానీ వెలుగుకి పెట్టి, తేనె బేరమాడేవాడిలా అటూ ఇటూ తిప్పి, "ఇవాళ బాగా దిగింది తల్లీ" అని మెచ్చుకునేవాడు.

"బావా, అది నీ కూతురా, పిండే నిమ్మకాయా?" అని ఇనపక్క అడిగేసింది.

"నీకు తెలీదులే మరదలా. ఛాంపియన్లంతా ఉమ్మినవాళ్లే."

"అలాగైతే ముందు బస్టాండు గోడలకి వెయ్యాలి పతకాలు."

పిల్లలు కిసుక్కున నవ్వారు. బావ ఈల ఊదాడు. మాటకి మాట దొరకనప్పుడల్లా ఆయన జవాబు అదే.

ఒకరోజు పిల్ల బరువుల గదికి వచ్చి, చీపురుకర్ర భుజాన పెట్టుకుని కూర్చుంది గానీ లేవలేకపోయింది. కర్రతో సహా పక్కకి ఒరిగింది. ఇనపక్క ఒళ్లో పడుకోబెట్టుకుని చూస్తే పెదాలు పగిలి పెచ్చులు కట్టి ఉన్నాయి.

"పిన్నీ, నాన్నకి చెప్పకు. కొన్ని నెలలుగా నాకు బయట చేరడం కూడా లేదు. అమ్మ మంచిదేలే, పోటీలప్పుడు ఇబ్బంది ఉండదు అంది."

ఇనపక్క ఆ కుంటికాలితోనే అక్క ఇంటికి పరిగెత్తింది. అక్క బట్టలు మడతపెడుతోంది.

"ఆయన కూతురు, ఆయన విద్య. మధ్యలో నేనెవర్ని?"

"కన్నదానివి. ఆ సంగతి ఎవరూ చెప్పలేదా నీకు?"

అక్క ఇంకో చొక్కా తీసి మడతపెట్టింది. ఇనపక్క గుమ్మం దిగి, చెంబెడు నీళ్లతో నోరు పుక్కిలించింది. అక్క మాటల చేదు మాత్రం పోలేదు. పిల్లని ఆ కింది తరగతి కాటా ఎక్కనివ్వకూడదని అక్కడే ఒట్టు పెట్టుకుంది.

తూకం రోజున హాలు కిటకిటలాడింది. తూకానికి ముందు చూసుకుంటే పిల్ల బరువు ఇంకా పిసరంత ఎక్కువే ఉంది. ఎక్కువ తేలితే పై తరగతిలో ఆడాలి.

"ఇంకాస్త ఉమ్మమ్మా" అన్నాడు బావ.

"నోట్లో ఏం లేదు నాన్నా." నాలుక సుద్దముక్కలా తెల్లగా ఉంది.

"నిమ్మకాయని తలుచుకో."

ఇనపక్క అడ్డం వచ్చింది. "దాన్ని వదిలెయ్, బావా. పై తరగతిలో ఆడుతుంది."

"పై తరగతిలో ఎవరున్నారో తెలుసా నీకు? నలిపేస్తారు."

"నువ్వు ఇప్పుడు చేస్తున్నదేమిటి?"

బావకి కోపం నషాళానికంటింది. అరిచి అరిచి గొంతు ఎండింది. మరదల్ని మింగేసేలా చూస్తూనే, వెనక బల్ల మీదికి చెయ్యి చాచి సీసా అందుకున్నాడు. మంచినీళ్ల సీసాలూ ఉమ్మి సీసాలూ ఒకే కంపెనీవి, ఒకే బల్ల మీదున్నాయి. మూత తిప్పి గటగటా తాగాడు. రెండు గుటకలు దిగాక గానీ ఆ జిగురు సంగతి తెలియలేదు.

తర్వాత జరిగింది చూసినవాళ్లు వారం రోజులు అన్నం ముట్టలేదట. తూకం వేసే ఆయన కొత్త బూట్లు, కాటా మీది రబ్బరు పట్టా, ఇద్దరు పెద్దమనుషుల ప్యాంట్లు అన్నీ తడిశాయి. కూతుర్ని పోటీకి తెచ్చిన ఇంకో తండ్రి ముక్కు మూసుకుని "ఛీ, ఏం మనిషయ్యా" అన్నాడు. ఆయన చంకలోనూ కూతురి ఉమ్మి సీసా సగానికి నిండి ఉంది.

ఇనపక్కకు నవ్వు రాలేదు. కూతురి నోరు పిండుతుంటే రాని రోత, తన నోట్లో పడ్డాక వచ్చిందే అనుకుంది. తన సంచిలోంచి మంచినీళ్లు తీసింది.

"తాగు."

"నాన్న..."

"మీ నాన్న పనిలో ఉన్నాడు. తాగు."

పిల్ల కాసేపు తండ్రి వంగిన వీపుని చూసింది. తర్వాత సీసా ఎత్తి, అడుగంటా తాగేసింది. కాటా కడిగాక, ముందుగా తనే వెళ్లి ఎక్కింది. పై తరగతి తేలింది.

మధ్యాహ్నం కుస్తీలో ఓడిపోయింది. అవతలి పిల్ల దీన్ని దుప్పటి దులిపినట్టు దులిపింది. కానీ లేచి, చెయ్యి కలిపి, ఎవరి భుజం పట్టుకోకుండా మెట్లెక్కి వచ్చి పిన్ని పక్కన కూర్చుంది. ఇనపక్క డబ్బా మూత తీసింది. రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు.

కాసేపటికి బావ ముఖం కడుక్కుని వచ్చి కింది మెట్టు మీద చతికిలబడ్డాడు. కడుపులో ఏమీ మిగల్లేదు పాపం.

"ఒక గుడ్డు ఉంటే ఇవ్వు, మరదలా."

"చేతులు కడిగావా?"

చూపించాడు. ఇచ్చింది. ఒలుచుకుని కొరికాడు. "సరే, నువ్వన్నట్టే కానీ. ఇకమీదట పై తరగతే" అన్నాడు. ఇనపక్క ఊపిరి పీల్చుకునేలోపే, నమలడం ఆపి కూతురి చేతిలోని రొట్టె వంక చూశాడు. "కాకపోతే ఆ తరగతిలో మరీ కింది అంచున ఉంది. ఈ రొట్టె ఒక్కటీ తగ్గిస్తే..."

ఇనపక్క ఆయన చేతిలోని సగం గుడ్డు లాక్కుని చెత్తబుట్టలో పడేసింది. ఆ ఎంగిలి తగిలిన వేళ్లని గోడకేసి తుడుచుకుంది.

"దీని తిండి, కసరత్తు, బరువు ఇవాళ్టినుంచి నా దగ్గర. కుస్తీ పట్లు మాత్రం నువ్వు నేర్పు. కాదంటే పట్లు కూడా మానేస్తుంది."

"అది మానేస్తుందని నువ్వెలా చెప్తావు? దాన్నడుగు."

పిల్ల నోటినిండా రొట్టె ఉంది. మింగేదాకా ఇద్దరూ ఆగాల్సి వచ్చింది.

"మానేస్తా నాన్నా" అంది.

బావ చెయ్యి మెడలోని ఈల మీదికి పోయింది. ఊదలేదు. పిల్ల డబ్బాలోంచి ఇంకో గుడ్డు తీసి ఒలవడం మొదలుపెట్టింది.