అరవనోళ్లు ముందు

శంషాబాద్‌లో మా మందుల షాపు పక్కనే మిలిటరీ డాక్టర్ గారి దవాఖాన ఉండేది. యుద్ధంలో గాయపడ్డ సిపాయిలకు వైద్యం చేసి, రిటైరై సొంతూరికి వచ్చిన మనిషి. ఆయన దగ్గర టోకెన్లు చెల్లవు. తలుపు తీసుకుని బయటికొచ్చి, బెంచీల మీది జనాన్ని ఒకసారి చూసి, చప్పుడు చేయకుండా కూర్చున్నవాళ్లనే ముందు పిలిచేవారు.

ఒకరోజు కాటేదాన్ ఫ్యాక్టరీలో చెయ్యి తెగినతను గుడ్డ చుట్టుకుని వచ్చి ఒకటే కేకలు. డాక్టర్ గారు మాత్రం మూలన చెమటలు పట్టి కూర్చున్న మహేశ్వరం రైతును భుజం పట్టి లేపారు.

"నాకు రక్తం కారుతుంటే ఆయన్ని పిలుస్తున్నరేంది సార్?"

"అరుస్తున్నవంటే ఊపిరున్నది బిడ్డా. జర ఆగు. అరవనోళ్లతోనే నాకు పరేషాన్."

రైతుకు వచ్చింది గుండెపోటు. వెంటనే పెద్దాసుపత్రికి పంపబట్టి బతికాడు.

డాక్టర్ గారికి మాత్రం నిమ్మళంగా మాట్లాడటం రాదు. అడిగిన మందు లేదంటే, "మందుల్లేని దుకాణమేందిరా!" అని బజారంతా వినబడేలా నా మీద అరిచేవారు.

పోయినేడు ఒక పొద్దున అలాగే మందు లేదన్నాను. "సరే తియ్" అని మెల్లగా మా షాపు మెట్టు మీద కూర్చున్నారు. షట్టర్ కూడా దించకుండా ఆయన్ని కారెక్కించాను.

సాయంత్రం దాకా ఆసుపత్రి వరండాలో నిలబడే ఉన్నాను. ఎవరూ ఏమీ చెప్పలేదు. అప్పుడు లోపలి నుంచి నర్సు మీద మా డాక్టర్ గారి కేక వినబడింది.

"సూది గిట్ల పొడుస్తరా!"

నేను కిందికి పోయి చాయ్ తాగాను.