ఏడు చుట్ల ఎర్ర దారం

పద్దెనిమిదేళ్ళుగా నేనొక అబద్ధంతో కాపురం చేస్తున్నాను. పొద్దున లేస్తే అదే నాకంటే ముందు లేచి ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. 

నాది నాలుగో తరగతి చదువు. తప్పులు దిద్దమని మనవరాలిని అడగలేను. ఆమె కంటపడకూడదనే వంటింటి తలుపు వేసుకుని రాస్తున్నాను. మా ఇంట్లో నేనంటే అందరికీ హడలు. సబ్బు అరిగి రేకులా అయినా కొత్త సబ్బుకు అతికించి వాడాల్సిందే. పిల్లలు అబద్ధమాడితే చెవి మెలిపెడతాను. ఆ చెయ్యే ఇది రాస్తోంది.

అప్పుడు బోధన్‌లో మా ఇంటి ముందు గది ఒకామెకు అద్దెకిచ్చాం. టీచరమ్మ అనేవాళ్ళం గానీ ఆమె ఉద్యోగం చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో. చెరుకు రసంలో తీపి ఎంతుందో పరీక్ష చేసే పని. ఆ ల్యాబులో మొట్టమొదటి ఆడమనిషి ఆమే. చేరిన కొత్తలో కుర్చీ కూడా ఇవ్వలేదట. నిలబడే పరీక్షలు చేశానని నవ్వుతూ చెప్పేది. సెలవు దొరికితే చేతిలో పట్టే చిన్న గొట్టం లాంటి పరికరం తీసుకుని తోటల్లోకి పోయేది. దాని మీద రసం బొట్టు వేసి, వెలుతురుకెత్తి చూసి, ఇంకో పదిరోజులాగి నరకండి అని రైతులకు చెప్పేది. ఆమె మాట విన్నవాళ్ళెవరూ చెడిపోలేదు.

ఆదివారాలు బీడీలు చేసేవాళ్ళ ఆడపిల్లలను పిలిచి, ఆ ముందు గదిలోనే రసాయనశాస్త్రం చెప్పేది. పుస్తకం తరువాత, ముందు గాజుగొట్టం చేతికిచ్చేది. పదకొండు మంది వచ్చేవారు. మా వాడలో దాన్ని గాజుగొట్టాల బడి అనేవారు. ఆ గొట్టాలు, మందుల సీసాలు కడిగి తుడిచి అరల్లో పెట్టే పని నాది.

ఫ్యాక్టరీలో పరీక్షకు వచ్చిన చక్కెర సీసాల్లో మిగిలిపోతే నాకిచ్చేది. మా ఇంట్లో చాయ్‌కి అదే. అయితే అలాంటి సీసాల్లోనే మందులూ ఉండేవి. వాటిలో రసాన్ని తేటపరచడానికి వాడే సీసం ఉప్పు ఒకటి. తెల్లగా ఉంటుంది, చక్కెర పొడి అనుకుంటారు. తియ్యగా కూడా ఉంటుంది. విషం. సీసా మీద చీటీ ఇంగ్లీషులో ఉంటుంది, తడి తగిలితే చెరిగిపోతుంది. అందుకని టీచరమ్మ ఒక పద్ధతి పెట్టింది. విషమున్న ప్రతి సీసా మెడకు ఎర్రదారం ఏడు చుట్లు చుట్టి ముడివేయాలి. చదువు రానివాళ్ళకు కూడా చూడగానే తెలియాలని. కట్టె రీలుకు చుట్టిన దారం హైదరాబాదు నుంచి తెచ్చి నా చేతికే ఇచ్చింది. వేరే ఎవరినీ నమ్మలేదు.

నేను కూడా బీడీలు చేసేదాన్ని. ఆకు, తంబాకు, దారం కార్ఖానావాళ్ళే ఇస్తారు. దారం ఎప్పుడూ చాలదు. సీసా మెడకు ఏడు చుట్లెందుకు, నాలుగు చాలవా అనిపించింది. నాలుగు కొన్నాళ్ళకు రెండయ్యాయి. మిగిలిన దారమంతా నా బీడీలకు పోయింది. అది దొంగతనమని అప్పుడు తోచలేదు. పొదుపు అనుకున్నాను. నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

ఒక శనివారం టీచరమ్మ కొత్తగా నింపిన సీసా ఇచ్చి, దీనికి దారం కట్టమని చెప్పి డ్యూటీకి పోయింది. నా చాటలో బీడీలు సగంలో ఉన్నాయి. అవి పూర్తయ్యేసరికి రీలు ఖాళీ. రేపు పాత సీసాది విప్పి దీనికి కడదామనుకున్నాను. సీసా తుడిచి అరలో పెట్టాను. ఏ అరలో? చక్కెర సీసాల అరలో. ఎన్నిసార్లు తలుచుకున్నా నా చెయ్యి అటే పోతుంది, ఆపలేను.

మర్నాడు సుజాత అందరికంటే ముందు వచ్చింది. పదిహేనేళ్ళ పిల్ల. ఎండలో ఊరి చివర నుంచి నడిచి వచ్చి మొహం వాడిపోయింది. నేను ఎవరికీ ఊరికే ఏదీ పోసే మనిషిని కాను. ఆ రోజెందుకో జాలేసి నిమ్మకాయ షర్బత్ చేశాను. అరలోంచి చక్కెర సీసా అనుకుని ఒకటి తీసి, చెంచాడు కలపగానే నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. చూశాను. చూడలేదని మీకెలా చెప్పను? చెయ్యి ఒక్క క్షణం ఆగింది. పారబోస్తే చక్కెర, నిమ్మకాయ రెండూ దండగ కదా అని ఇచ్చేశాను.

పిల్ల సగం తాగి, “పెద్దమ్మా, తియ్యగనే ఉంది గని ఇనుము నాకినట్టుంది,” అని నవ్వింది.

“నీ నాలుకనే గట్లుంది. పారబొయ్యకు, తాగు,” అన్నాను.

ఇంకా రెండు గుక్కలు తాగింది.

గంట గడవకముందే కడుపు పట్టుకుని మెలికలు తిరిగింది. టీచరమ్మ పరుగున వచ్చి గ్లాసులో మిగిలినదాంట్లో ఏదో మందు రెండు చుక్కలు వేసింది. షర్బత్ పసుపు కలిపినట్టు పచ్చగా మారింది. సీసం ఉంటేనే అలా మారుతుందట. ఆమె మొహం అంత తెల్లబడటం నేనెప్పుడూ చూడలేదు. జీపు మాట్లాడి, పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయింది. తాగింది ఏమిటో వెంటనే తెలిసింది కాబట్టి బతికిందని డాక్టర్ చెప్పాడట. తొమ్మిది రోజులు అక్కడే ఉంది.

మూడో రోజు సుజాత తండ్రి, వాడ పెద్దలు ముందు గదిలోకి వచ్చారు. చక్కెర సీసాల్లో విషం పెట్టుకుని ఆడపిల్లలకు ఏం చదువు చెబుతున్నావని అరిచారు. టీచరమ్మ నా వైపు తిరిగింది. నా పక్కన చాట ఉంది. చాటలో ఆ ఖాళీ రీలు ఉంది. బీడీలు చుట్టే తునికాకును మోకాలితో దాని మీదికి జరిపాను.

“చెల్లె, ఆ సీసకు దారం కట్టినవా? కట్టకుంటె కట్టలేదని చెప్పు. నేనేమనను.”

“కట్టిన టీచరమ్మా. నా చేతులతోటే ఏడు సుట్లు సుట్టిన. ఎట్లూడిందో ఏమో.”

ఆమె కాసేపు చాట వైపే చూసింది. రీలు చూసిందా? ఆకునే చూసిందా? ఈ పద్దెనిమిదేళ్ళలో నాకు తెలియనిది అదొక్కటే.

“అయితే నేనే సూస్కోవాల్సుండె,” అంది. అందరికీ చేతులు జోడించి తప్పు తనదేనని ఒప్పుకుంది.

నెల తిరక్కుండానే ఉద్యోగం వదిలి ఊరు విడిచిపోయింది. అలాంటి బడి మళ్ళీ ఎక్కడా పెట్టలేదని, ఒంటరిగానే చనిపోయిందని తరువాత విన్నాను. పదకొండు మందిలో తొమ్మిది మంది చదువు మాని బీడీల చాటల ముందు కూర్చున్నారు. సుజాతను తండ్రి మళ్ళీ పుస్తకం పట్టనివ్వలేదు. ఇప్పుడు మేముంటున్న నిజామాబాద్‌లోనే కార్ఖానాకు బీడీలు చేస్తోంది. కూరగాయల దగ్గర కనిపిస్తే, బాగున్నవా పెద్దమ్మా అని చేయి పట్టుకుంటుంది. నాకు ఆ చెయ్యి విడిపించుకుని పారిపోవాలనిపిస్తుంది.

నిజం చెప్పి ఉంటే ఏమయ్యేది? సుజాత తండ్రి మా ఇంటి మీద పడేవాడు. పోలీసులు వచ్చేవారు. నా పిల్లలను జనం వేలెత్తి చూపేవారు. అప్పుడు దానికే భయపడ్డాను. ఇప్పుడు వాళ్ళెవరూ రారు. మరి ఈ భయం ఎందుకు పెరుగుతోంది? భయపడేది ఎవరికి? చచ్చిపోయిన మనిషికా?

పోయిన వారం ఒక లెక్చరరమ్మ వచ్చింది. చదువు ఆపని ఇద్దరిలో ఒకామె చెల్లెలు. టీచరమ్మ జీవితం మీద పుస్తకం రాస్తోందట. నాలుగు దిక్కులా తిరిగి అంతా రాసుకుంది, ఆ కుర్చీ సంగతి కూడా. చివరికి ఒక వాక్యం చదివి వినిపించింది. తన అజాగ్రత్త వల్ల జరిగిన ఒక ప్రమాదంతో ఆమె బడి మూతపడింది, అని. ఇది నిజమేనా అవ్వా, ఆ రోజు మీరు అక్కడే ఉన్నారు కదా అని అడిగింది.

అవునని తల ఊపాను.

ఆమె రాసుకుంది. నా కళ్ళ ముందే రాసుకుంది.

ఆ రోజు నుంచి అన్నం సయించడం లేదు. మాట అయితే గాలికి పోతుంది, అచ్చు అయితే ఉండిపోతుంది. జీవితమంతా ఒక్క బొట్టు తేడా రాకుండా కొలిచిన మనిషిని అజాగ్రత్త మనిషి అని నా మనవరాలు చదువుతుంది, దాని పిల్లలు చదువుతారు. నేను పోయాక దిద్దేవాళ్ళు ఎవరూ ఉండరు.

సీసాకు దారం కట్టనిది నేను. రాసేశాను. నన్ను క్షమించమని అడగను. అడగాల్సినామె లేదు, ఉన్నా అడిగే ముఖం నాకు లేదు. అయితే ఈ వాక్యం రాశాక ఊపిరి కొంచెం లోపలిదాకా పోయింది, అంతే.

గురువారం ఆ లెక్చరరమ్మ మళ్ళీ వస్తానంది. ఈ కాగితాలు ఆమె చేతికిస్తాను.  పొయ్యి మీద పాలున్నాయనో, ఎవరో పిలిచారనో లేచి లోపలికి పోవాలనిపిస్తుంది, నాకు తెలుసు. పోను. చివరి అక్షరం దాకా ఆమె చదివి తలెత్తేవరకు, ఎదురుగానే కూర్చుంటాను.